సారక్క కాళ్ళు, పూలమ్మ ముఖం

పొద్దు నెత్తికెక్కేసరికి బొగ్గు కుప్ప పెనంలా కాలింది. దాని మీద సారక్క ఆడుతోంది. ఆడుతున్నది సారక్క అనడం కన్నా సారక్క మోకాళ్ళ కింది భాగం అనడం న్యాయం. మోకాళ్ళ పైన ఏమున్నా కెమెరాకు అక్కర్లేదు.

"కట్! అక్కా, పాదాల్లో ఇంకొంచెం కోపం కావాలి" అన్నాడు డైరెక్టర్ వీరేందర్.

"కోపం మస్తున్నది తమ్మీ. బొబ్బల కింద దాసుకున్నది" అంది సారక్క.

అవతల గొడుగు నీడలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పూలమ్మ నిమ్మసోడా తాగుతోంది. సోడాలోకి గొట్టం కూడా ఇచ్చారు. మొన్నటిదాకా రైలు సైడింగు దగ్గర వ్యాగన్ల కింద రాలిన బొగ్గు ఏరి, సంచి నెత్తిన పెట్టుకుని చాయ్ హోటళ్ళకు అమ్మిన పూలమ్మకు గొట్టం! ఆ గొట్టం సారక్క గొంతులో దిగబడింది.

వీరేందర్ జ్యోతినగర్‌లో ఇంజనీరు కొడుకు. హైదరాబాదులో సినిమా చదువు చదివాడు. నలుగురు స్నేహితులు కలిసి వేసుకున్న డబ్బుతో సినిమా తీస్తున్నాడు. బొగ్గు ఏరుకుని బతికే ఆడమనిషి జాతరలో నాట్యం చేస్తుంది, తన మీద చెయ్యి వేసిన కాంట్రాక్టరును చంపుతుంది. అదీ కథ. అందులో పాటకు పెదవి కదపరు, ఫైటు లేదు, పండక్కి విడుదల కాదు. అవార్డుకు పోతుందన్నారు. ఎక్కడికి పోతే ఏమిటి, సారక్కకు అందులో ఉండాలనిపించింది.

అనిపించడంలో తప్పు లేదు. కాలనీలో బతుకమ్మ చుట్టూ వలయం తిరిగితే మొదటి అడుగు సారక్కదే. ఆమె ఎటు వంగితే అరవై మంది అటు వంగుతారు. పైగా తెలంగాణ కోసం నెలకు పైబడి సాగిన సమ్మెలో, గనిలో పనిచేసే భర్త బుచ్చన్నకు జీతం రాలేదు. తెలంగాణ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు గానీ కిరాణా సేటు మాత్రం రోజూ వస్తున్నాడు.

ఎంపిక నాడు సారక్క ఆడింది. వీరేందర్ చప్పట్లు కొట్టాడు. తరువాత ఆమె ముఖం వైపు చాలాసేపు చూసి, "అక్కా, మీ ముఖంలో కంపెనీ క్వార్టరు కనిపిస్తోంది. నాకు ఆకలి కావాలి" అన్నాడు. ఆకలి గుంపులో వెనకాల నిలబడి ఉంది. పేరు పూలమ్మ.

అయితే పూలమ్మ ఎడమకాలికి రెండు వేళ్ళు లేవు. వ్యాగను చక్రం తీసుకుంది. నడిస్తే ఒక పక్కకు ఒరుగుతుంది, ఆడితే పడిపోతుంది. అందుకని ముఖం పూలమ్మది, కాళ్ళు సారక్కవి అని తీర్మానమైంది. ముఖానికి రోజుకు ఐదు వందలు, కాళ్ళకు రెండు వందలు. కాళ్ళు రెండున్నా రెండు వందలే.

"ముఖం వాళ్ళకు నచ్చలేదా? ఇన్నేండ్ల సంది నేను సర్దుకుంటలేనా?" అన్నాడు బుచ్చన్న, నైట్ షిఫ్టు చేసి వచ్చి దుప్పటి కప్పుకుంటూ. ఆ రోజు ఆయనకు చాయ్ దొరకలేదు.

సారక్కకు డబ్బు తేడా కన్నా మనుషుల తీరు కష్టంగా ఉంది. పూలమ్మను మేడం అంటున్నారు. సారక్క కాళ్ళకు మట్టి పులమడానికి ఒక మనిషిని పెట్టారు. పొద్దున కడుక్కుని వచ్చిన కాళ్ళకు మట్టి పూయించుకుని, ఆ కాళ్ళతో ఆడి, చివరికి తెర మీద ఆ ఆట పూలమ్మ ఖాతాలో పడాలి. 'ఎంత మంచిగ ఆడిందిరా పూలమ్మ' అని ఊరంతా అనుకుంటుంది. ఆ మాట తలుచుకుంటే కింద కాలే బొగ్గు చల్లగా అనిపించేది.

"నీడకు రా అక్క, ఎండల నల్లబడ్తవ్" అని పూలమ్మ నీడలోంచి పిలిచింది.

"కాళ్ళే గదనే. నల్లబడితే నీ లెక్కలనే పోతయి."

"నా లెక్కల ఏం పోయినా నువ్వోర్వవు" అని పూలమ్మ కిలకిలా నవ్వి మళ్ళీ గొట్టం అందుకుంది.

మొదట్లో ఈ కుప్పలో బొగ్గు లేదు. గని దగ్గర షూటింగుకు అనుమతి దొరకలేదు. అందుకే ఖాళీ ప్లాటులో రాళ్ళు కుప్ప పోసి నల్ల రంగు వేశారు. కెమెరాలో చూస్తే రంగేసిన రాళ్ళలాగే కనిపించాయి. సినిమా మేనేజరు రాజం పూలమ్మను పక్కకు పిలిచాడు. పక్కనే డ్రమ్ము దగ్గర సారక్క కాళ్ళు కడుక్కుంటోంది. కాళ్ళను ఎవరూ లెక్కపెట్టరు కదా, అతను గొంతు కూడా తగ్గించలేదు.

"పూలక్కా, సైడింగు కాడికి నీకు తెల్వని తొవ్వనా? కుప్ప మీద కప్పే మందం బొగ్గు తేరాదా? సంచికింత అని ఇస్త."

"తిండికి ఏరుకునుడు వేరు. గింత బొగ్గంటే దొరుకుత గద సారూ."

"దొరికితే నేన్లేనా? ఫికర్ చెయ్యకు."

పూలమ్మ తెచ్చింది. కుప్ప నిజమైన బొగ్గు కుప్పయింది. ఎండకు కాలడమూ అప్పుడే మొదలైంది.

కుప్ప మీద కాళ్ళు కాలిన సాయంత్రం సారక్క కూరగాయల అంగడిలో సెక్యూరిటీ గార్డు సదయ్య భార్యను చూసింది. చూసి ఊరుకుంటే కథ ఇంతటితో అయిపోయేది. వంకాయలు ఏరుతూ, "మీ ఆయనకు సైడింగు కాడనే గద డ్యూటీ? ఇప్పుడు హీరోయిన్లు గూడ బొగ్గు మోస్తున్నరట. చూస్తున్నడా లేదా?" అంది. నవ్వుతూనే అంది. పుచ్చు వంకాయ ఒకటి పక్కకు పడేసి ఇంటికొచ్చింది.

మర్నాడు పొద్దున, కుప్ప మీదికి ఇంకా బొగ్గు తెస్తూ, పూలమ్మ సంచితో సహా దొరికింది.

షూటింగు ప్లాటులో గొడుగు ఉంది, కుర్చీ ఉంది, కుర్చీలో మనిషి లేదు. సారక్క ఆ కుర్చీ వైపు చూడకుండా నిలబడింది. రాజం పరుగున వచ్చాడు.

"సారక్కా, గార్డులు బొగ్గెక్కడిదని అడుగుతున్నరు. పర్మిషన్ ఉన్నదని చెప్పి ఆమెనే అమ్మింది, మాకు తెల్వదన్నం. కార్మికుని భార్యవు నువ్వు, నీ మాటకు ఇలువుంటది. అదే మాట జెర చెప్పి సంతకం పెట్టు. గంతే."

"ఆమె గతేంది?"

"దొంగతనం ఆమెకు కొత్తనా? వారం రోజులైతే బయటికస్తది."

వీరేందర్ తల వంచుకుని నేల వైపు చూస్తూ అన్నాడు. "కాళ్ళ షాట్లు అన్నీ అయిపోయాయి అక్కా. ముఖం షాట్లు మళ్ళీ తీస్తాను. మీదే."

"నా ముఖంల క్వార్టరున్నదంటివి గద?"

"మేకప్‌తో తీసేస్తారు."

తీసేశారు. బుగ్గలకు మసి రాశారు, కళ్ళ కింద నీడలు దిద్దారు, జుట్టు చెదరగొట్టారు. అద్దం పట్టారు. సారక్క చూసుకుంది. ఏం ముఖం! ఆ ముఖాన్ని చూస్తే కాంట్రాక్టరే కాదు, సూపరింటెండెంటు కూడా భయపడతాడు. ఇంతకాలం ఈ ముఖం పెట్టుకుని పప్పు తాళింపు వేసిందా తను? అద్దం తీసుకుపోతుంటే చెయ్యి పట్టుకుని ఇంకోసారి చూసుకుంది.

ఆ ముఖంతోనే రాజం వెంట జీపులో సెక్యూరిటీ గదికి వెళ్ళింది. పూలమ్మ నేల మీద, గోడకు ఆనుకుని ఉంది. సదయ్య సారక్కకు బెంచీ చూపించాడు. పూలమ్మ ఆమెను కింది నుంచి పైకి చూసింది.

"ముఖం గూడ ఇచ్చిన్రా అక్క? మసి జెర ఎక్కువైంది. ఆకలైనోళ్ళు ముఖం కడుక్కోరనుకున్నరా?"

సారక్కకు ఒళ్ళు మండింది. ఈ స్థితిలో కూడా మసి సంగతి తనకు చెబుతుందా ఇది! ఆ మంటలోనే ఇంకో సంగతి కూడా తోచింది. పూలమ్మ చెప్పింది నిజం. మసి ఎక్కువే.

సదయ్య కాగితం సర్దుకున్నాడు. "చెప్పు సారక్కా. బొగ్గు పూలమ్మనే తెచ్చిందా?"

"ఆమెనే తెచ్చింది."

రాజం ఊపిరి పీల్చుకున్నాడు. సదయ్య రాసుకున్నాడు.

"తెమ్మన్నది రాజం" అంది సారక్క. "పైసలిస్తనన్నది రాజం. దొరికితే నేన్లేనా అన్నది గూడ రాజమే. నేను డ్రమ్ము కాడ కాళ్ళు కడుక్కుంటున్న. అది గూడ రాయి."

"అక్కా! సోచాయించి మాట్లాడు. సినిమా ఆగిపోతది. నీ ముఖం..."

"నా ముఖం నా మీదనే ఉన్నది, యాడికి పోలే."

సదయ్య పెన్ను ఎత్తి రాజం వైపు చూశాడు, మళ్ళీ కాగితం వైపు చూశాడు. "ఇంత లొల్లి ఎందుకక్కా? మొదటి ముచ్చట రాసిన. దాని కింద సంతకం పెట్టు, పో."

"పెట్ట" అంది సారక్క. "అందరి పేర్లు రాస్తేనే పెడ్త. లేకుంటే గిక్కడనే కూసుంట."

రాజం బయటికి పోయి ఫోనందుకున్నాడు. పూలమ్మ గోడ దగ్గర నుంచే అంది. "మంచిగ చెప్పినవ్ అక్క. గానీ ఆ ఏషం నీతోని అయ్యేది గాదు. నాకైతేనే అస్తుండె."

"ముయ్యవే. నీ కన్న పదంతలు మంచిగ చేస్తుంటి. నిన్ను చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతనే ఉన్నది."

"మండనీ. జెర జరుగు. నేల సల్లగున్నది, నడుము గుంజుతున్నది."

బయట జీపు హారను కొట్టింది. సదయ్య పెన్ను అలాగే పట్టుకుని ఉన్నాడు. సారక్క బెంచీ మీద పక్కకు జరిగింది. కొంచెమే జరిగింది.