మూడు వేళ్ల పిడి

జకర్యా మేస్త్రీ కుడిచేతికి మూడే వేళ్లు. ఉంగరం వేలూ, చిటికెన వేలూ కూతురు మహిమ పుట్టకముందే కోత మిషన్‌లో పోయాయి. వేళ్లు పోతే మనిషి కాస్త తగ్గి ఉంటాడనుకుంటాం. ఈయన పెరిగాడు. సారపాకలో రోడ్డు పక్కనున్న తన వడ్రంగి షెడ్డుకు ఎవరు కొత్తగా పనికి వచ్చినా, ఆ చెయ్యి వాళ్ల ముఖం ముందు ఆడించి, "పది వేళ్లతోని వచ్చినోడు పనోడు గాదు, చుట్టం" అనేవాడు.

ఆ చేతికి సరిపోయేట్టు ఆయన ఒక తోపుడు కర్ర చేసుకున్నాడు. మిషన్ మీద సన్న పట్టీలు కోసేటప్పుడు చెక్కను చివరిదాకా చేత్తో నెడితే చెయ్యి బ్లేడు మీదికే పోతుంది. ఆ చివరి జానెడు దూరం నెట్టడానికి ఒక చిన్న కర్ర కావాలి. జకర్యా టేకు ముక్కను చెప్పు ఆకారంలో కోసి, పైన పొట్టి పిడి తీసి, అద్దంలా నునుపు చేశాడు. పనితనంలో వంక లేదు. వంకంతా దాన్ని షెడ్డులో అందరూ పట్టుకోవాలనడంలోనే ఉంది. ఆ పిడి సరిగ్గా మూడు వేళ్లకు చేసింది. నిండు చెయ్యి ఉన్నవాడు పట్టుకుంటే మిగతా రెండు వేళ్లు కిందికి, బ్లేడు వైపుకు వేలాడతాయి. కళ్లున్న ప్రతివాడికీ అది కనిపిస్తూనే ఉంది. అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

నోరు వచ్చింది ఒక్క మహిమకే. ఆమె భర్త ఎబినేజర్ ఇల్లరికం వచ్చి అదే షెడ్డులో, అదే కర్రతో పని చేస్తున్నాడు మరి.

దమ్మపేట దగ్గరి పల్లె నుంచి అతన్ని చూపులకు తీసుకొచ్చిన రోజు మహిమ అతని ముఖం కంటే ముందు చేతులు చూసింది. పొడుగాటి వేళ్లు. టీ గ్లాసును కూడా అది నిద్రపోతున్నట్టు మెల్లగా కింద పెట్టాడు. చిన్నప్పటి నుంచి ఆమె ఎరిగిన మగచెయ్యి తండ్రిది ఒక్కటే. అది కంచం పక్కన బల్ల మీద పడిందంటే ఇల్లంతా నోరు మూసుకునేది. అందుకే ఈ చేతుల్ని చేసుకుంటానంది. పెళ్లయ్యాక కూడా ఆమెకు మొగుడి మీదున్న ప్రేమలో సగం ఆ చేతుల మీదే. అవి నాన్న చెయ్యిలా మారిపోతాయేమోనన్న భయం పొద్దున అతను షెడ్డుకు బయల్దేరినప్పుడు మొదలై సాయంత్రం అతను తిరిగొచ్చాకే తగ్గేది.

ఎబినేజర్ సంగతి వేరు. తండ్రి లేకుండా పెరిగినవాడు. మామ నోటి నుంచి ఒక్క మంచి మాట రాలాలని కళ్లలో వత్తులేసుకుని కూచునేవాడు. జకర్యా అది కనిపెట్టాడు. కనిపెట్టి, ఆ మాట ఒక్కటి తప్ప అన్ని మాటలూ అనేవాడు.

మహిమ ఫోన్‌లో వెతికి వెతికి ఒక కంపెనీ సరుకు తెప్పించింది. ఆకుపచ్చ ప్లాస్టిక్ పిడి, చెక్క మీద జారకుండా కింద రబ్బరు. నిండు చెయ్యి పట్టేంత పిడి, చేతికీ బ్లేడుకీ మధ్య మందపాటి దిమ్మ. ఎబినేజర్ దాన్ని పట్టుకుని మంచం మీద అటూ ఇటూ తోసి చూసి పసివాడిలా నవ్వాడు.

"మామ ఏమంటడో" అన్నాడు.

"ఏమన్నా అననీ. నీ చెయ్యి నాది" అంది మహిమ.

అతను దాన్ని షెడ్డుకు తీసుకెళ్లిన పొద్దు దుమ్ముగూడెం నుంచి తలుపుల బేరానికి వచ్చిన ఆసాములు షెడ్డులో ఉన్నారు. చూసేవాళ్లుంటే జకర్యాకు హుషారు.

"ఏంది అల్లుడా, ఆ ఆకుపచ్చది?"

"మహిమ తెప్పించింది మామా. కంపెనీది. చేతికి భద్రం అంట."

"కంపెనీదా! ఇటు తే, చూద్దాం."

తీసుకుని తిప్పి చూశాడు, రబ్బరు వాసన చూశాడు, మెచ్చుకుంటున్నట్టు తల ఊపాడు. తర్వాత మిషన్ ఆన్ చేసి దాన్ని నిలువునా బ్లేడుకు పెట్టాడు. ప్లాస్టిక్ చీలుతూ అరిచింది. రెండు ముక్కలూ ఆసాముల కాళ్ల దగ్గర పడ్డాయి.

"చూసిండ్రా? కంపెనోడి సరుకు గిట్ల తెగుతది. నా కర్ర చూడుండ్రి, ఇన్నేండ్లకు ఒక్క గీత పడలే."

అందరూ నవ్వారు. ఎబినేజర్ కూడా నవ్వాడు. అదే మహిమకు ఎక్కువ కాలింది, ఆ రాత్రి భోజనాల దగ్గర తండ్రి ఆ కథ మళ్లీ మొదలుపెట్టి, "నీ మొగుడు గూడ నవ్విండు తెలుసా" అన్నప్పుడు.

"తెగేటందుకే గదా నాయినా దాన్ని చేసింది? చెయ్యి బదులు అది తెగుతది."

"అట్లనా? మరి గాజులు గూడ తెప్పియ్యకపోయినవ్? ఫోన్ల అవి గూడ దొరుకుతయ్."

తల్లి విశ్రాంతమ్మ ఎవరి వైపూ చూడకుండా అందరికీ చారు పోసింది. ఆమె మాట్లాడదు. ఆ ఇంట్లో ఆమె గొంతు ఆదివారం చర్చిలో పాటలప్పుడు మాత్రమే బయటికి వస్తుంది.

కొన్నది నిలవలేదు కాబట్టి మహిమ తానే చెయ్యాలనుకుంది. షెడ్డులో పెరిగిన పిల్ల, చేతిరంపం, ఆకురాయి ఆమెకు కొత్త కాదు. ఆదివారం మధ్యాహ్నం తిని పడుకున్న ఎబినేజర్ చెయ్యి లాగి ప్లైవుడ్ ముక్క మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసింది. "చక్కిలిగిలి పెడతవేందే" అని నిద్రలోనే గొణిగాడు. ఆ గీత ప్రకారం కోసింది. ఐదు వేళ్లూ లోపల ఇమిడేట్టు పిడి, అది కూడా బాగా ఎత్తులో, చెయ్యి ఎంత జారినా బ్లేడు అందనంత ఎత్తులో. చూడ్డానికి వికారంగా ఉంది. అంచులు ఎగుడుదిగుడు. కానీ ఎబినేజర్ పట్టుకుంటే వేళ్లన్నీ ఇంటికి వచ్చి కూచున్నాయి.

జకర్యా కలప కోసం ఊళ్లు తిరుగుతున్న కొన్నాళ్లు దానితోనే పని సాగింది. మహిమ ఆ కొన్నాళ్లూ సుఖంగా నిద్రపోయింది.

తిరిగొచ్చిన జకర్యా దాన్ని చూశాడు. ఈసారి కోయలేదు. కోస్తే ఒక్కసారే నవ్వొస్తుందని ఆయనకు తెలుసు. షెడ్డు ముందు, రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపించేట్టు మేకుకు వేలాడదీశాడు. వచ్చినవాడల్లా అదేమిటని అడగడం, ఈయన చెప్పడం.

"మా అల్లుడి చేతికర్ర. పెండ్లాం చేసిచ్చింది. పాపం చూపు ఆనదు."

నాలుగు రోజుల్లో ఆ మాట సారపాక దాటి గోదావరి వంతెన అవతలికి పోయింది. టీ తెచ్చేవాడు కూడా ఎబినేజర్‌ను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తానన్నాడు. జకర్యా ఆ రోజు వాడికి టీ డబ్బుల పైన కొంత ఎక్కువిచ్చాడు.

"నా పరువు తీసినవ్ నువ్వు" అన్నాడు ఎబినేజర్ ఇంటికొచ్చి. అతని గొంతులో అంత కోపం మహిమ అంతకుముందు వినలేదు.

"పరువు పోతే పోయింది. వేళ్లున్నయ్ గదా?"

"నీకేం తెలుస్తది? పొద్దుగూకేదాక నవ్వేటోళ్ల నడుమ నిలబడేది నేను."

మర్నాడు అందరి ముందూ వెళ్లి మూడు వేళ్ల కర్ర అందుకున్నాడు. జకర్యా వెనక నుంచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "గట్లుండాలె మొగోడంటె" అన్నాడు. ఇంతకాలం ఎదురుచూసిన మాట అదే. ఆ మాట చెవిలో పడ్డ ఎబినేజర్‌కు ఇక బ్లేడేం కనిపిస్తుంది?

దుమ్ముగూడెం తలుపులకు సన్న పట్టీలు కోస్తున్నప్పుడు జరిగింది. చెక్కలో ముడి తగిలి పట్టీ ఎగిరింది, కర్ర జారింది, చెయ్యి కిందికి వచ్చింది. పిడి పట్టుకున్న మూడు వేళ్లకు ఏమీ కాలేదు. పిడి మీద చోటు లేని ఆ రెండే పోయాయి, ఉంగరం వేలూ, చిటికెన వేలూ.

భద్రాచలం దవాఖానాలో డాక్టరు అతకడం కుదరదన్నాడు. మహిమ వరండాలో నిలబడి గోడకేసి తల కొట్టుకుంది. లోపలికి వెళ్లేసరికి తండ్రి మంచం మీద కూచుని, బ్రెడ్డు పాలలో ముంచి అల్లుడికి తినిపిస్తున్నాడు. కన్నకూతురికి ఎన్నడూ అట్లా తినిపించలేదు.

"ఇయ్యాల్టి సంది నువ్వు అల్లుడివి గాదురా. కొడుకువి" అన్నాడు జకర్యా.

ఎబినేజర్ కళ్ల నుంచి బొటబొటా నీళ్లు కారాయి. నొప్పికేమోనని పరుగెత్తింది మహిమ. దగ్గరికి పోయి చూస్తే అది నొప్పి కాదు. సంతోషం. రెండు వేళ్లు పోగొట్టుకుని మంచాన పడ్డ మనిషి ముఖంలో పెళ్లినాడు కూడా లేని సంతోషం! ఆ క్షణంలో ఇద్దరినీ ఒకేలా అసహ్యించుకుంది. అసహ్యించుకుంటూనే మొగుడి కాళ్ల మీద దుప్పటి సర్దింది.

గాయం మానాక ఎబినేజర్ షెడ్డుకు వెళ్లిన మొదటి రోజు అందరూ చుట్టూ చేరారు. అతను కర్ర అందుకున్నాడు. వేలాడడానికి ఇప్పుడేమీ లేదు.

"చూడు మామా, ఎంత బాగ కూసుందో!"

జకర్యా ఎబినేజర్ చెయ్యెత్తి, తన చెయ్యి పక్కన పెట్టి ఊరందరికీ చూపించాడు. ఆ రోజు నుంచి ఎబినేజర్ నడక మారింది, గొంతు మారింది. టీ గ్లాసు కింద పెడితే చప్పుడు రావడం మొదలైంది. మహిమ మాట్లాడితే సగంలోనే లేచిపోయేవాడు. రాత్రిళ్లు ఆ చెయ్యి తన మీద పడితే ఆమె ఊపిరి బిగబట్టుకునేది.

తర్వాత హరిలాల్ అనే అతను తండా నుంచి పనికి కుదిరాడు. పెళ్లయి ఏడాది కూడా కాలేదట, సన్నటి మనిషి. మహిమ మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చేసరికి ఎబినేజర్ అతనికి మిషన్ పని చూపిస్తున్నాడు. చేతిలో మూడు వేళ్ల కర్ర పెట్టాడు. హరిలాల్ దాన్ని ఇట్లా పట్టుకుని, అట్లా పట్టుకుని, నిజంగానే అర్థంకాక అడిగాడు.

"అన్నా, మిగిలిన రెండు వేళ్లు యాడ పెట్టాలె?"

"వాటి సంగతి మిషన్ చూస్కుంటది తమ్మీ" అన్నాడు ఎబినేజర్.

జకర్యా దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తన సొంత మాటకు కూడా ఆయన ఎన్నడూ అంత నవ్వలేదు. ఎబినేజర్ ముఖం వెలిగిపోయింది.

మహిమ క్యారేజీ కింద పెట్టి, మేకుకు వేలాడుతున్న తన ప్లైవుడ్ కర్రను తీసి హరిలాల్ ముందు పట్టుకుంది.

"ఇది పట్టుకో తమ్మీ. లేకుంటె ఇంటికి పో. అది మా నాయిన అవిటిచెయ్యికి చేసుకున్న కర్ర, మనిషి చెయ్యికి గాదు. మా ఆయన వేళ్లు అదే తిన్నది. సిగ్గులేక నవ్వుతుండు."

జకర్యా కూతుర్ని తిట్టలేదు. బల్ల మీద కూచుని, చేతులు కట్టుకుని, అల్లుడి వైపు చూశాడు. నువ్వేం చేస్తావో చూద్దామన్నట్టు తీరిగ్గా చూశాడు. ఎబినేజర్ ఆయన ముఖం చూశాడు. ఆ తర్వాత పెళ్లాం ముఖం చూడకుండానే ఆమె చెంప మీద కొట్టాడు.

పెళ్లయినాక అదే మొదటి దెబ్బ. మహిమకు నొప్పి కంటే ముందు ఆశ్చర్యమే కలిగింది. చేతిలో కర్ర ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. హరిలాల్ తల వంచుకుని మూడు వేళ్ల కర్ర పట్టుకుని మిషన్ దగ్గరికి నడిచాడు. ఆమె రోడ్డెక్కేలోపు వెనక బ్లేడు తిరగడం మొదలైంది.

ఇంటికొచ్చి వంటగదిలో గోడకు ఆనుకుని కూలబడింది. విశ్రాంతమ్మ బియ్యం ఏరుతోంది. కూతురి చెంప మీద మూడు వేళ్ల అచ్చులు చూసింది. ఎవరు కొట్టారని అడగలేదు, ఎందుకని అడగలేదు. చేట పక్కన పెట్టి, గుడ్డ వేడి చేసి తెచ్చి కాపడం పెట్టింది.

"ఇగ ఆ చెయ్యి ఊకోదమ్మా" అంది మహిమ వెక్కుతూ. "ఒక్కసారి లేసినంక ఊకోదు."

"ఊకోదు" అంది విశ్రాంతమ్మ. గుడ్డ తిరగేసి మళ్లీ చెంపకు అద్దింది. "మెల్లగ అలవాటైతది. నేను నిండు చెయ్యితోని దెబ్బలు తిన్న, మూడు వేళ్లతోని గూడ తిన్న. నీకు చెప్తున్న బిడ్డా, మూడు వేళ్లదే నయం. మీ నాయినకు వేళ్లు తెగిననాడు నేను దవాఖానాల ఏడ్వలే. మోకాళ్ల మీద కూసొని దేవునికి స్తోత్రం చెప్పుకున్న."

మహిమ ఏడుపు ఆపి తల్లి ముఖంలోకి చూసింది. విశ్రాంతమ్మ గుడ్డ పిండి దండెం మీద ఆరేసి, మళ్లీ బియ్యం చేట ముందేసుకుంది.