ఫొటోకి అడ్డం

కూతురి టీ.సీ. కోసం నారాయణమూర్తి బడికి వచ్చేసరికి, రాగసుధ ఎనిమిదో తరగతి గదిలో డిజిటల్ బోర్డు తుడుస్తోంది. గరివిడి రోడ్డు దుమ్ము తెల్లారేసరికి ఆ నల్లటి అద్దం మీద పొరలా పేరుకుంటుంది. అతను చెప్పులు గుమ్మం బయట విడిచి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

"కాయితం ఇచ్చీండి టీచరమ్మా. మా రేఖకి సదువు ఎక్కట్నేదు. పైవారం కోతలు. కూడా తీసుకుపోతాను."

"ఎక్కడం లేదని ఎవరన్నారండీ?"

"మీరే రాసినారు గదా కార్డులో! నాలుగు సబ్జెట్లు పోనాయి." అతను గోడవారగా నిలబడ్డ కూతురి వైపు చూశాడు. "బడిలోనే కాదు, పొలంలోనూ అంతే. కలుపు తియ్యమంటే ఊద ఒగ్గీసి వరి పీకీసింది. రైతు ఇంట పుట్టి ఊదకీ వరికీ తేడా తెల్దంటే నలుగురూ నవ్వరా? ఆ పొద్దు రెండు తగిలించాను కూడాను."

రేఖ తల వంచుకుని కాలి బొటనవేలితో గచ్చు మీద గీస్తోంది.

"రేపటిదాకా ఆగండి," అంది రాగసుధ. "రేపు ఒక్కసారి వచ్చి నేను చెప్పేది వినండి. అప్పటికీ కావాలంటే హెడ్మాస్టరు గారి సంతకం నేనే పెట్టించి ఇస్తాను."

"రేపొక్క రోజే. కోతకి మనుసులు దొరకట్నేదు."

రాగసుధ పుట్టింట్లో మూడు తరాలుగా పాఠమో పాటో చెప్పి బతికారు. శిష్యుడికి రాలేదంటే గురువుకి రాలేదని లెక్క, అనేవాడు ఆమె తాత. ఏడో తరగతిలో అందరికంటే ముందు చెయ్యెత్తిన పిల్ల ఎనిమిదిలోకి వచ్చేసరికి ఎందుకిలా అయిందో ఆమెకి అంతుపట్టలేదు. కానీ తండ్రికి చూపించడానికి ఒకటుంది అనుకుంది. ఫొటోలు.

ఆ బోర్డు జూన్‌లో వచ్చింది. దాని మీద పాఠం నడిచినట్టు రోజుకొక ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. వెలిగే బోర్డూ, చూస్తున్న పిల్లలూ ఒకే ఫొటోలో పడాలి కనుక, ఆమె ఆఖరి బెంచీ వెనక గోడకి ఆనుకుని తీసేది. దాని కింద ఒక వాక్యం: 'విద్యార్థులు ఆసక్తిగా వీక్షిస్తున్నారు.' మొదటిరోజు తనే కూర్చింది. తరవాత మొదటి అక్షరం నొక్కితే చాలు, మిగతాది ఫోనే అందించేది. రేఖ శ్రద్ధగా పాఠం చూస్తున్న ఫొటోలు నాలుగు ఏరి, చూడండి, మీ పిల్ల చదవని పిల్ల కాదు, అని చెబుదామని ఆమె ఆలోచన.

బడి విడిచాక ఫోను బోర్డుకి కలిపి, జూన్ నుంచి వరసగా చూడసాగింది.

అన్నీ వెనకనుంచి తీసినవే కాబట్టి, ఒక్క ముఖం లేదు. అన్నీ తలలే. అయినా రేఖని పోల్చడం కష్టం కాలేదు. కుడి జడ రిబ్బను ఎప్పుడూ సగం ఊడి వేలాడుతుంది. జూన్‌లో మూడో బెంచీ. జూలై మొదట్లో రెండో బెంచీ. పదిహేను రోజులకి మొదటిది. ఆగస్టు రాగానే బెంచీ మీదే లేదు. బోర్డు కింద గచ్చు మీద కూర్చుని, మెడ రిక్కించి ఉంది.

ఆగస్టు పన్నెండు. నిప్పులు కక్కుతున్న అగ్నిపర్వతం బొమ్మ. దాని నడిమధ్య, చిల్లు పెట్టినట్టు, మోకాళ్ళ మీద లేచిన రేఖ తల నల్లగా.

ఆ రోజు రాగసుధకి గుర్తొచ్చింది. "రేఖా, ఫొటోకి అడ్డం వస్తున్నావ్. వెనక్కి వెళ్ళి కూర్చో," అంది తను. "టీవీలోకి దూరిపోద్దామనేటే!" అని వెనక బెంచీ పోతురాజు అరిస్తే తరగతంతా గొల్లుమంది. తనూ నవ్వింది. నవ్వడం కూడా గుర్తొచ్చింది.

పదమూడో తేదీ ఫొటోలో రేఖ లేదు. ఆ మర్నాడూ లేదు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, ఎక్కడా లేదు. హాజరుపట్టీ తీసి చూస్తే ఒక్క రోజు కూడా బడి మానలేదు. ఆఖరి బెంచీలో, ఫొటో తీసే తన చేతుల కిందే, కూర్చుని ఉంది.

ఆమె ఆ తారీకులు ఒక కాగితం మీద రాసుకుని, బోర్డు ఆపింది.

మర్నాడు నారాయణమూర్తి మాట ప్రకారం వచ్చాడు. రాగసుధ ఏమీ వివరించకుండా రేఖని ఆఖరి బెంచీలో కూర్చోబెట్టి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఒక మాట వేసింది.

"చదవవే."

పిల్ల కళ్ళు చికిలించింది. అరచేత్తో కుడికన్ను నులుముకుంది. తల పక్కకి వాల్చింది. చదవలేకపోయింది.

"ఏం కనబడుతోందో అదే చెప్పు. తప్పు లేదు."

"అచ్చరం పక్కన ఇంకో అచ్చరం నీడలాగ ఉంటాది టీచర్. రెండిట్లో ఏది అసలుదో ఎంచుకోవాల."

"మరి ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు?"

"అందరికీ అలగే అవుపిస్తాదనుకున్నాను." కాస్త ఆగి, "మీరే వెనక్కెల్లమన్నారు గదా," అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని రాగసుధకి అనిపించింది.

నారాయణమూర్తి పిల్ల దగ్గరికి వెళ్ళి గచ్చు మీద గొంతుక్కూర్చున్నాడు.

"పొలంలోనూ అంతేనేటే? వరి పక్కన వరి నీడ?"

"ఊఁ."

అతను తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. టీ.సీ. మాట మళ్ళీ ఎత్తలేదు.

శనివారం ముగ్గురూ విజయనగరం కంటి ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ ఒక్కొక్క కన్నే మిషన్లో చూసి, రేఖని బయట కూర్చోమంది.

"నల్లగుడ్డు పైపొర పలచబడి ముందుకి ఉబ్బుతోంది. ఈ వయసులో త్వరగా ముదురుతుంది. నులుముకుంటే మరీను. ఎడమకన్ను చికిత్స చేసి ఇక్కడితో ఆపవచ్చు. కుడికన్నులో మచ్చ పడిపోయింది. దానికి కళ్ళజోడు పనిచెయ్యదు. ఎప్పుడు మొదలైంది?"

తండ్రి రాగసుధ వైపు తిరిగాడు.

"జూలై మొదటివారం," అంది రాగసుధ. "ఆగస్టు పన్నెండుకి బోర్డు కిందకి వచ్చేసింది."

డాక్టరమ్మ రాసుకుంటున్నదల్లా తలెత్తింది. "తారీకులతో సహా ఇంత కచ్చితంగా చెప్పేవాళ్ళు ఉండరు. మీరు చూశారన్నమాట! అప్పుడే తీసుకొచ్చి ఉంటే..."

"చూడలేదండీ," అంది రాగసుధ. "ఫొటో తీశాను."

తిరుగు బస్సులో నారాయణమూర్తి కిటికీ వైపు ముఖం పెట్టి అన్నాడు. "మీరు ఒక్క మాటన్నారు. నాను సెయ్యి సేసుకున్నాను." రేఖ అతని భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది.

ఎడమకంటికి చికిత్స అయ్యి, రేఖ సంక్రాంతి సెలవులు దాటాక బడికి వచ్చింది. రాగసుధ బోర్డుకి మూరెడు దూరంలో, సరిగ్గా మధ్యన, ఒక స్టూలు వేయించింది. బోర్డు మీద ఏ బొమ్మ వచ్చినా ఏముందో తనే పైకి చెబుతూ పోయింది. ఆ రోజు ఫొటోలో బోర్డుకి అడ్డంగా రేఖ తలా భుజాలూ.

మధ్యాహ్నం హెడ్మాస్టరు జగన్నాధం గారు పిలిచారు.

"ఏటమ్మా ఇది? బోర్డు కనబడ్డం నేదు. పైనుంచి అడుగుతారు. ఆ పిల్లని ఓ నిమిషం పక్కకి జరిపి ఇంకోటి తీసీ, పోతాది."

"జరపనండీ."



రాగసుధ తరగతికి వచ్చి అదే ఫొటో యాప్‌లో పెట్టింది. కింద రాయడానికి అక్షరం నొక్కగానే పాత వాక్యం మొత్తం తనంతట తనే వచ్చి నిలబడింది. ఆమె దాన్ని చివరినుంచి మొదటిదాకా ఒక్కొక్క అక్షరమే చెరిపేసి, ఆ చోటు ఖాళీగా వదిలి పంపింది.