నవత దిగిన మిట్టల వాలు

నేను ఒక స్కీని. మంచు మీద జారడానికి మనుషులు కాళ్లకు తగిలించుకునే పొడవాటి పలకను. ఎడమకాలికి నా తోబుట్టువు, కుడికాలికి నేను. మా జాతిలో చాలామంది బూటును ముందూ వెనకా బిగించి పట్టుకుంటారు. మేము మునివేళ్ల దగ్గరే పట్టుకుంటాం, మడమను వదిలేస్తాం. మలుపు తిరగాలంటే ఒక కాలు ముందుకు జరిపి, వెనక మోకాలు వంచి, మంచుకు మొక్కుతున్నట్టు కిందికి దిగాలి. దీన్ని టెలిమార్క్ అంటారు. సులువైన దారి ఉండగా కష్టమైనదాన్ని వెతికి, దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకోవడం మనుషులకే చెల్లింది.

నార్వేలో ఒక కార్ఖానాలో చెక్కపొరలు అతికించి, అంచులకు ఉక్కు పట్టీలు వేసి నన్ను తయారుచేశారు. హిమాలయాలు చూడవచ్చిన ఒక యాత్రికుడు, తిరుగు ప్రయాణంలో సామాను బరువైందని మమ్మల్ని ఔలీలోని ఒక శిక్షణ కేంద్రానికి ఇచ్చేసి వెళ్లాడు. అక్కడి గురువు నేగీ, తక్కువ మాట్లాడే గఢ్వాలీ, ఆ కొండల మనిషి.

ఆ చలికాలం జగిత్యాల నుంచి ఇద్దరు స్నేహితురాళ్లు వచ్చారు. నవత గురుకులంలో ఆటల టీచరు. సింధూర ఆమెతో కలిసి చదివింది గానీ ఉద్యోగం దొరకలేదు. ఇద్దరూ అంతకుముందు ఏడు మామూలు స్కీయింగ్ నేర్చుకున్నవాళ్లే, టెలిమార్క్ మాత్రం కొత్త. శిక్షణ ముగిశాక ఒకరిని సహాయ శిక్షకురాలిగా ఉంచుకుంటానని నేగీ చెప్పాడు. అందుకు మిట్టల వాలు దిగి చూపాలి. జనం తిరిగిన చోటే తిరగడంతో మంచంతా మిట్టలుగా పోగుపడిన వాలు అది. ఆ శిక్షకురాలి చోటు దొరికితే తన బడి పిల్లలను కూడా తీసుకొచ్చి నేర్పాలని నవత ఆశ.

నవతకు భయమేసినప్పుడల్లా వెనక్కి వాలేది. వెనకకాలు బరువు లేకుండా ఈడ్చుకొచ్చేది. బరువు లేని స్కీ ఏం చేయగలదు? మిట్ట తగలగానే నేను పక్కకు పోయేదాన్ని, ఆమె ముఖం మంచులో ఉండేది. రెండు కాళ్లనూ నమ్మమని, చూపు తర్వాతి మిట్ట మీద పెట్టమని నేగీ విసుగు లేకుండా చెప్పేవాడు. సింధూర ముందే దిగి కింద నిలబడి ధైర్యం చెప్పేది. సాయంత్రం నవత మోకాలు కొంచెం నొప్పెడితే నూనె రాసేది కూడా ఆమే. నవత తన పాత చున్నీతో మమ్మల్ని తుడిచి ఆరబెట్టేది. అంత మర్యాద నాకు అంతకుముందు ఎవరూ చేయలేదు.

పరీక్ష రోజు నవత నన్ను తగిలించుకుని పైన నిలబడింది. అందరూ దిగారు. సింధూర కూడా దిగింది, చక్కగా. నవతను ఎవరూ పిలవలేదు. చివరికి నేగీ పైకి వచ్చి, మోకాలి నరం దెబ్బతిన్నప్పుడు పంతం మంచిది కాదని, బాగా నయం చేసుకుని వచ్చే ఏడు రమ్మని ఎంతో ప్రేమగా చెప్పాడు. ఆయనకు ఆ మాట ఎవరు చెప్పారో నవత అడగలేదు. ఆమె మోకాలి సంగతి తెలిసింది ఒక్కరికే.

నేగీ వారిస్తున్నా ఆమె వాలులోకి దిగింది. మొదటి మిట్ట మీద నాకు ఆమె బరువంతా తెలిసింది. వెనక్కి వాలలేదు. కాళ్లు మారాయి, మడమ లేచింది, మోకాలు వంగింది, నేను తిరిగాను. సగంలో బోర్లా పడింది. లేచి, ఊడిన నన్ను మళ్లీ తగిలించుకుని, మిగతా మిట్టలన్నీ దిగింది. నేగీ ఆమె వెనకే వచ్చి చూశాడు. కానీ చోటు ఇస్తున్నట్టు సింధూరకు అప్పటికే చెప్పేశాడు. ఇచ్చిన మాట మార్చలేనన్నాడు.

కింద సింధూర తల వంచుకుని నిలబడి ఉంది.

"నీకు నౌకరి ఉన్నది నవతా. నాకేమున్నది?"

"అడిగితే నేనే తప్పుకుందును గదనే," అంది నవత. "నన్ను అడుగనన్న అడుగకపోతివి."

సింధూర ఏదో అనబోయింది. నవత వినలేదు. మమ్మల్ని విప్పి, మంచులో గుచ్చి, బూట్లతోనే నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ రోజు తుడవలేదు. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుందని చీకటి పడేదాకా ఎదురుచూశాను. మనుషులు ఒకరి మీది కోపం ఇంకొకరి మీద చూపుతారని విన్నాను, చెక్కముక్కల మీద కూడా చూపుతారని అప్పుడే తెలిసింది.

మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది సింధూర. మరుసటి చలికాలం నేను ఆమె కాలికే ఉన్నాను. నవత రాలేదు. సింధూర మంచి శిక్షకురాలైంది. ఆమె మోకాలు వంచితే నేను నవతకు తిరిగినదానికన్నా అందంగా తిరిగేదాన్ని. చూసినవాళ్లు చప్పట్లు కొట్టేవారు.

తర్వాత ఒక రాయి తగిలి నా అంచు చీలింది. ఇప్పుడు మంచు ఎత్తే పారల పక్కన, రేకుల కొట్టంలో ఉన్నాను. ఎవరి కాలు తిప్పితే వారికోసం తిరగడమే స్కీ ధర్మమంటారు. కావచ్చు. సింధూర కాలికి ఉన్న ఆ చలికాలమంతా ఒక్క మలుపైనా తిరగకుండా ఉండగలిగితే బాగుండేది.