దసరా నాటి దరఖాస్తు

దసరా పొద్దున్నే వర్షిత మూడు వందల మందికి శుభాకాంక్షలు పంపింది. ప్రతి సందేశానికీ తన బయోడేటా జత చేసింది. చేవెళ్ల పిల్ల, హార్టికల్చర్ డిప్లొమా చదివి రెండేళ్లుగా ఉద్యోగం వెతుక్కుంటోంది. పండుగ రోజుల్లో పెద్దవాళ్లు తీరికగా ఉంటారు, పరిచయాలు పెంచుకోవడానికి అదే అదనని ఎవరో వీడియోలో చెప్పగా విన్నది. మధ్యాహ్నానికి జవాబులొచ్చాయి. అన్నీ చేతులు జోడించిన బొమ్మలే, ఒక్కదాంట్లోనూ మాట లేదు. పిల్లను తప్పుపట్టే ముందు మనమూ ఆలోచించుకోవాలి. పండుగ పేరు చెప్పి మన పని చక్కబెట్టుకోవాలని చూడనివాళ్లం ఎందరం?

తల్లి అరుణమ్మ చామంతి పండించి మొయినాబాద్ ఇళ్లకు పూలు ఇస్తుంది. ఏటా దసరా సాయంత్రం ఆ ఇళ్లన్నీ తిరిగి జమ్మి ఆకు చేతిలో పెట్టి వస్తుంది. ఈసారి వర్షిత కూడా బయల్దేరింది. ఆ ఇళ్లలో ఒకటి సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు సీతారామారావుది. కంపెనీ తోటకు మొక్కలు తెప్పించడంతో ఆయనకు నర్సరీల యజమానులు తెలుసు. ఆయన ఒక్క మాట చెబితే ఉద్యోగం వచ్చినట్టేనని వర్షిత నమ్మకం.

"ఆ ముచ్చట ఇయాల తియ్యకు బిడ్డా," అని బస్సులోనే చెప్పింది అరుణమ్మ. "జమ్మి పెట్టినంక మంచిచెడు అడుగుతరు. నౌకరి రేపు అడగొచ్చు."

"ఇయాల దొరికినట్టు రేపు దొరకరే అవ్వా," అంది వర్షిత.

నిరుడు ఆ ఇంటి ముందు కార్లు ఆపడానికి చోటు లేదు. ఈసారి గేటు దగ్గర ఎవరూ లేరు. సీతారామారావు వరండాలో ఒక్కరే కూర్చున్నారు. వర్షిత ఆయన చేతిలో జమ్మి పెట్టి, కాళ్లకు మొక్కి, వెంటనే సంచిలోంచి బయోడేటా తీసింది.

"నెల కిందట నన్ను తీసేశారమ్మా," అన్నారాయన. "నేనూ వెతుక్కుంటున్నాను."

వర్షిత ఆ కాగితాన్ని మెల్లగా మళ్లీ సంచిలో పెట్టేసింది. ఆయన చూశారు.

"పర్లేదు. ఈ మధ్య అందరూ అలాగే చేస్తున్నారు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

అరుణమ్మ మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. "యాళ్లకు తింటున్నరా సారూ? నిద్ర పడుతున్నదా? అమ్మగారు ఎట్లున్నరు?"

నెల రోజులుగా ఎవరూ అడగని ప్రశ్నలవి. ఆయన చాలాసేపు మాట్లాడారు. పొద్దున తను సందేశం పంపిన మూడు వందల మందిలో ఒక్కరి బాగోగులూ తనకు తెలియవని వర్షితకు అప్పుడు తట్టింది.

అయితే సిగ్గుపడి ఊరుకునే పిల్ల కాదు. కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

"తప్పయింది సార్. నౌకరి ఇప్పియ్యమంటలేను. మీరు ఎంతోమందిని పనిలకు తీసుకున్నరు గద. ఇందుల ఏం బాగలేదో జర చెప్పుండ్రి."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కాగితమంతా చదివారు. "మీ అమ్మతో కలిసి చామంతి సాగు చేస్తావు కదా, అదేదీ?"

"అది పొలం పని గద సార్. ఆరేండ్ల సంది చేస్తున్న గని, రాయనీకి సిగ్గయింది."

"ఆరేళ్ల అనుభవం దాచేసి, కంప్యూటర్ వచ్చని రాశావు. మొదటి వరసలో ఇది రాయి." కలం తీసుకుని ఆయనే సగం దిద్దారు. ఆ గొంతులో చాలా రోజుల తర్వాత హుషారు వినిపించింది.

కార్తీకం వెళ్లకముందే ఒక పూల నర్సరీలో వర్షితకు ఉద్యోగం దొరికింది. సిఫారసు లేదు. చామంతికి ఆకుమచ్చ వస్తే ఏం చేస్తావని ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోకుండా చెప్పింది. ఆ ఆదివారం సీతారామారావు ఇంటికి వెళ్లింది. "ఎట్లున్నరు సార్?" అని ముందు అడిగి, జవాబు పూర్తిగా విన్నాకే తన కబురు చెప్పింది. ఆయనకింకా పని దొరకలేదు. అయినా కన్నకూతురికి వచ్చినంత సంతోషపడ్డారు.

"నా ఫోన్‌లో రెండు వేల నంబర్లున్నాయమ్మా," అన్నారు. "ఉద్యోగం పోయాక, పలకరించడానికి గేటు దాటి వచ్చింది మీ అమ్మ ఒక్కతే. నువ్వు పదిమందినీ పరిచయం చేసుకో, ధైర్యంగా చేసుకో. కానీ ఎవరి గడప తొక్కినా ముందు వాళ్లెలా ఉన్నారో అడుగు, తర్వాతే నీ పని చెప్పు."