ముల్లు వంచని గడియారం

లిస్బన్ నుంచి మాడ్రిడ్‌కి విమానంలో గంటా పావు. ఈ మాట జాసింతో తన మంగలి దగ్గర చెప్పని వారం లేదు. "మాడ్రిడ్ ఎంత దూరమోయ్! కాఫీ చల్లారేలోపు దిగిపోమూ!" అనేవాడు. అంత చేరువ ఊళ్ళో కన్నకూతురి పెళ్ళయితే మాత్రం గడప దాటలేదు మహానుభావుడు. అల్లుడు స్పెయిన్ వాడట! "స్పెయిన్ నుంచి మంచి గాలీ రాదు, మంచి పెళ్ళీ రాదు" అని తాతలనాటి సామెత ఒకటి పట్టుకుని నాలుగేళ్ళు బిగుసుకు కూర్చున్నాడు.

మనవడు పుట్టాక కూతురు ఫిలిపా ఫోన్ చేసింది.

"నాన్నా, వీడి జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నువ్వే నిలబడాలి. ఆదివారం పన్నెండింటికి చర్చి దగ్గరుండు. ఈసారీ రాకపోతే ఇంక నిన్ను దేనికీ పిలవను."

జాసింతో స్నానాలగదిలో దూరి వెక్కి వెక్కి ఏడ్చాడు. మంగలితో మాత్రం, "పాపం, కాళ్ళావేళ్ళా పడుతున్నారు" అని కోతలు కోశాడు.

ముందే కూతురింటికి చేరిన భార్య ఇడలీనా, శనివారం ఫోన్‌లో మొత్తుకుంది.

"ఏమయ్యా, ఇక్కడ మనకంటే గంట ముందు. దిగగానే గడియారం తిప్పుకో."

"ఇది మా నాన్న గడియారమే! స్పెయిన్ వాడికి ఏనాడూ తల వంచలేదు."

"నీ తల నువ్వే ఉంచుకో. ముల్లు వంచు, చాలు."

"గంటేగా, మనసులో కలుపుకుంటాలే. ఆపాటి లెక్క నాకు రాదనా?"

ఆదివారం విమానం ఠంచనుగా దిగింది. జాసింతో గడియారం చూసుకుని, బోలెడంత సమయముందని కాఫీ చెప్పాడు. "కడుగునీళ్ళు నయం" అని తిట్టుకుంటూ కప్పు ఖాళీ చేశాడు. ఇంకోటి తెప్పించుకుని దాన్నీ తిట్టాడు. కలుపుకోవాల్సిన గంట ఆ తిట్లలోనే కొట్టుకుపోయింది. విమానంలో కట్టేసిన ఫోన్ జేబులో అలాగే పడుంది.

తన గడియారంలో పన్నెండుకి పావుగంట ఉందనగా చర్చి ముందు టాక్సీ దిగి, కోటు సర్దుకుని, "వీళ్ళకి వేళాపాళా ఉండి ఏడిస్తేనా! మనమే ముందు" అని మీసం దువ్వాడు.

ఎదురుగా జనం, జ్ఞానస్నానం అయ్యాక పంచే పంచదార బాదంపప్పులు నములుతూ మెట్లు దిగుతున్నారు.

వియ్యంకుడు ఫెర్మిన్ గబగబా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "బావగారూ, అరగంట ఆగాం. ఫాదరుగారికి తర్వాత పెళ్ళి ఉందట. మీ బదులు నేను నిలబడ్డానంతే. జ్ఞానతండ్రి మీరే, మీ పేరే చెప్పాం."

తిట్టినా బాగుండేది. నాలుగేళ్ళుగా తాను నోటికొచ్చినట్టు ఆడిపోసుకున్న స్పెయిన్ వాళ్ళలో ఇతనొకడు మరి.

ఫిలిపా బిడ్డతో ఎదురుగా నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గంటా పావు ప్రయాణమన్నావు నాన్నా. నాలుగేళ్ళు పట్టింది. ఆపైన ఇంకో గంట."

జాసింతో గడియారం విప్పబోయి మానేశాడు. చివరికి మణికట్టు అలాగే ముందుకు చాపాడు.

"నువ్వే తిప్పమ్మా."

ఫిలిపా ఆ చేతికేసి చూసింది.

"నా చేతులు ఖాళీగా లేవు. ముందు వీణ్ణి పట్టుకో" అని మనవణ్ణి అతని చేతుల్లో పెట్టింది.