దానిమ్మ తోటలో పారశీకుల మేడ

కురా నది మైదానంలో జర్నిగార్‌కు ఒక దానిమ్మ తోట ఉంది. ఆమె గుమ్మం పక్కన, గంటను బోర్లించినట్టు, చుట్టూ ఆకులు చెక్కిన తెల్లరాయి ఒకటి. అత్తగారి కాలం నుంచీ దానిమీద కూర్చునే కాయలు ఒలుస్తారు.

ఆ రాయి కోసమే బాకూ నుంచి తుంజాలా వచ్చింది. పురావస్తు పరిశోధకురాలు. రెండున్నర వేల ఏళ్ల కిందట ఈ నేలను జయించిన పారశీక చక్రవర్తి, తన అధికారికి ఇక్కడ మేడ కట్టించాడనీ, ఆ రాయి దాని స్తంభపు పీఠమనీ ఆమె నమ్మకం. ఎక్కడినుంచో బండిమీద తెచ్చిన రాయేమోనన్నారు పై అధికారులు. రెండేళ్లు తవ్వినా, మేడ ఇక్కడిదేనని రుజువు చేసే రెండో పీఠం దొరకలేదు. అనుమతి ఇంకా మూడు రోజులే ఉంది.

ఆ మధ్యాహ్నం తుంజాలా టీ గ్లాసు ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"చల్లారిపోతోంది, తాగవే. ఎవరో పోయినట్టు ఆ మొహమేంటి?" అంది జర్నిగార్.

"ఇంకెక్కడ తవ్వాలో తెలీట్లేదు పిన్నీ."

"నన్నెప్పుడైనా అడిగావా? ఎంతసేపూ ఆ కాగితాల్నే అడుగుతావు. అదిగో, ఆ మూలచెట్టు. పెళ్లయిన ఏడు మా ఆయన నాటాడు. నలభై ఏళ్లయినా నా నడుం దాటలేదు. కింద వేళ్లకేదో అడ్డుంది."

తుంజాలా గబుక్కున లేచి, మళ్లీ కూర్చుంది. "బాబాయి నాటిన చెట్టు కదా. వద్దులే పిన్నీ."

ఆయన పోయి ఆరేళ్లు. జర్నిగార్ లేచి, పార తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"ఆయనే ఉంటే నీకంటే ముందు పార పట్టేవాడు. వేళ్లు తెగకుండా తియ్యి. తెగాయో, నిన్ను ఆ గోతిలోనే పాతేస్తా."

మట్టిగడ్డతో సహా చెట్టును తీసి గోడవారన నాటారు. ఆకులు వాడినా, కొమ్మ గిల్లితే లోపల పచ్చగానే ఉంది. మర్నాడు సాయంత్రం, మోచేతి లోతున, చెక్కిన ఆకులు బయటపడ్డాయి. రెండో పీఠం! ఇటుకల నేలమీద, నిలబెట్టినచోటే, కదలకుండా ఉంది. తుంజాలా ఆ మట్టిలోనే చతికిలబడి ఏడ్చేసింది.

పీఠం పక్కన పగిలిన గిన్నె ఒకటి దొరికింది.

"దొరల మేడలో ఆ కాలపు మావాళ్లకేం పని? ఊడ్చేవాళ్లా?" అంది జర్నిగార్.

తుంజాలా గిన్నె ఆమె చేతిలో పెట్టింది. "రూపం పారశీకులది. వాళ్ల వెండి గిన్నెలు ఇలాగే ఉంటాయి. మట్టి మాత్రం మీ వాగుది. చేసింది ఇక్కడివాళ్లే. ఇదిగో, పచ్చిమట్టి మీద వేలు నొక్కిన గుంట."

జర్నిగార్ ఆ గుంటలో బొటనవేలు ఆనించింది. ఇమిడింది. చాలాసేపు తియ్యలేదు.

వారం తిరక్కుండా అధికారులు వచ్చి చూసి, అనుమతి ఇంకో రెండేళ్లు పొడిగించారు. వాళ్ల కారు కదిలిందో లేదో, జర్నిగార్ తలగుడ్డ బిగించి కట్టుకుంది.

"నాకూ ఒక తాపీ ఇవ్వు. దొరల ఇల్లు దొరికిందిగా, ఇక ఆ గిన్నె చేసినవాళ్ల ఇల్లెక్కడో వెతుకుదాం. పద!"