పదిగంటల పూలు

చదువరులు మన్నింతురు గాక. అరువది యేండ్లు దాటినపిమ్మట బలపము పట్టిన చేయి యిది. ఒత్తులు తప్పును దీర్ఘములు జాఱును. ఒక పుట నిండుటకు రెండు దినములు పట్టును. నాచేత అక్షరములు దిద్దించిన పుణ్యాత్మురాలు తన గదిలో నున్న పాతపుస్తకములనే చదివించినందున నా వ్రాతయు ఆ దారినే పోవుచున్నది. తొందర లేనివారు చదువుదురు గాక.

మాఘమాసము ముగియవచ్చెను. సముద్రముమీదినుండి వచ్చు ఉప్పుగాలికి తెల్లవాఱుజామున కురిసిన మంచుతడి యాఱిపోగా కాకినాడ పట్టణమందలి డాబాలన్నియు లేయెండలో పసుపు పూసిన గడపలవలె మెఱయుచుండెను. ఆసుపత్రి వెనుకవీధియందలి యొక డాబాపై ఎదురెదురుగా రెండు ఒంటిగదులును పిట్టగోడ పొడవునను పందొమ్మిది పాతనూనె డబ్బాలును గలవు. ఆ డబ్బాలలో ఇసుక కలిపిన మట్టిపై గోరంత కండగల ఆకులతోడను నీరు నిండిన లేతకాడలతోడను ప్రాకుచున్న మొక్కలను కొందఱు నాచుపూల మొక్కలందురు. ఆ వీధివారు మాత్రము పదిగంటల పూలనుచుండిరి. ఏలయన నవి యెండ చుఱుక్కుమనువేళ విచ్చి పొద్దు వాలకమునుపే ముడుచుకొనును. మబ్బు పట్టిన దినమున కన్నే తెఱవవు.

వానిని పెంచునది అచ్చియ్యమ్మ. భర్త గతించి పదునేడేండ్లయిన యామె ఆసుపత్రి యెదుటి భోజనశాలలో వంట చేయుచుండెను. రోగములకు పండుగలు లేవు గనుక ఆ భోజనశాలకు సెలవులును లేవు. చీకటితోనే పోయి ఇడ్లీలు వండి అన్నము వార్చి పప్పునకు తాలింపు పెట్టి కడపటి గంగాళము తోమి బోర్లించి మూడు గంటలు దాటినపిమ్మట మోకాళ్ళపై చేతులూని మెట్లెక్కి వచ్చునప్పటికి ఆ పూలన్నియు నలిపి పాఱవేసిన రంగుకాగితపు టుండలవలె నుండును. నాలుగేండ్ల క్రిందట నొక రోగి భార్య తడిగుడ్డలో చుట్టి యిచ్చిన గుప్పెడు కాడలనుండి యింత తోట లేపిన యామె తన పూలు విచ్చియుండగా నొక్కనాడును చూచి యెఱుగదు.

అయినను సేవకు లోపము లేదు. సాయంకాలము వాడినపూలను గోటితో గిల్లును. ముదిరిన కాడలను తుంచి ఒకపూట నీడలో ఆఱనిచ్చి క్రొత్తడబ్బాలో గ్రుచ్చును. మట్టిలోనికి వ్రేలు దూర్చి చూచి తడి తగిలినచో చుక్క నీరైనను పోయదు. అన్నము కడిగిన నీరు గాని జాలిచేత పోసిన నీరు గాని ఆ మొక్కలను కుళ్ళజేయునని యామె రెండు డబ్బాలు పోగొట్టుకొని తెలిసికొనెను.

ఎదుటిగదిలో నుండునది రత్నమాణిక్యమ్మ. బడిలో ముప్పదియేండ్లు పాఠములు చెప్పి పని చాలించిన యొంటరి స్త్రీ. పూలవార్త చెప్పుట యామె నిత్యకృత్యము.

“ఈవేళ ఎర్రవి విరగబూశాయి అచ్చియ్యమ్మా! డాబా అంతా పెళ్ళిపందిరిలా ఉందనుకో.”

“చెప్పకండి మేష్టారమ్మగారూ, కడుపు మండిపోద్ది. పెంచేది నేనూ, చూసేది మీరూనా?”

“మరి నువ్వు వండిన కూర తినేది నువ్వా, ఊరోళ్ళా?”

అచ్చియ్యమ్మ నవ్వెడిది. నవ్వుటకును ఓపిక చాలని దినములు గలవు. అట్టి దినములలో గడపమీదనే కూర్చుండి ముడుచుకొన్న పూలవంక చూచెడిది.

అట్లుండగా భోజనశాల యజమాని గోడలకు సున్నము వేయింపదలచి రెండు దినములు పొయ్యి వెలిగింపవలదనెను. నాలుగేండ్లలో నిదియే మొదటి తీరిక. మరల నెన్నడు వచ్చునో యెవ్వ రెఱుగుదురు?

మొదటినాడు మబ్బు కమ్మెను. ఒక్క మొగ్గయు విచ్చలేదు. ఊరక కూర్చుండుట యెఱుగని యచ్చియ్యమ్మ దుప్పట్లన్నియు ఉదికి గది కడిగి బియ్యము చెఱిగి యేడాది చింతపండునకు గింజలు తీసి పొద్దు గ్రుంకునప్పటికి నడుము పట్టుకొని కూలబడెను.

“రేపన్నా ఎండ కాస్తదంటారాండి?”

“కాస్తుందిలే. ముందు నువ్వా నడుం వాల్చు.”

రెండవనాడు ఆకాశము తోమిన పళ్ళెమువలె నుండెను. అచ్చియ్యమ్మ అలవాటుచొప్పున చీకటితోనే లేచి తలంటుకొని పెట్టెలోని చీర తీసి కట్టి యెనిమిదింటికే డబ్బాల యెదుట పీట వేసికొని గదిగోడ కానుకొని కూర్చుండెను. మొగ్గల కొనలయందు ఎఱుపును పసుపును దారపుపోగులవలె తొంగిచూచుచుండెను. తొమ్మిది కొట్టెను. ఎండ పాదములనుండి మోకాళ్ళమీదికి ప్రాకెను. ఇన్నియేండ్లుగా పొయ్యివేడి తప్ప మఱియొక వెచ్చదన మెఱుగని యా దేహమునకు ఆ యెండ మెత్తని పరుపువలె తోచెను. ఒక్క క్షణమేకదా యనుకొని యామె కన్నులు మూసెను.

కన్నులు తెఱచునప్పటికి తనపై నీడ యున్నది. ఆ నీడపైన నల్లగొడుగును గొడుగు వెనుక రత్నమాణిక్యమ్మయు నుండిరి. పిట్టగోడ పొడవునను పందొమ్మిది డబ్బాలలోను పూలు ముడుచుకొని యుండెను.

“టైమెంతండీ?”

“మూడవుతోంది.”

“లేపలేదేంటండీ! నాలుగేళ్ళండీ! నాలుగేళ్ళనుంచి చూస్తన్నానండీ ఈ ఒక్కరోజు కోసం!”

“లేపుదామనే వచ్చానే తల్లీ. పదింటికోసారి, పన్నెండింటికోసారి. భుజమ్మీద చెయ్యి కూడా వేశాను. నువ్వు కళ్ళు తెరవకుండానే ‘ఆయ్, ఇడ్లీ వాయి దింపేస్తన్నానండీ, ఒక్క నిమిషం’ అన్నావు. ఇంక నాకు చేతులు రాలేదు.”

అచ్చియ్యమ్మ గొడుగువంక చూచి యడిగెను.

“మరి మీరు అన్నం తిన్నారాండి?”

“నేను తింటే గొడుగెవరు పడతారు?”

ఆ గొడుగునీడ నిద్రించినదానికే చాలెను. పట్టినదాని ముఖము ఒకప్రక్క యెండకు కమిలి యెఱ్ఱగా కందియుండెను. పదిగంటలకు విచ్చి మూడైనను ముడువని యా యొక్క యెఱుపును అచ్చియ్యమ్మ తనివిదీర చూచెను. పిమ్మట మోకాళ్ళపై చేతులూని లేచి గదిలోనికి పోయి పొయ్యి వెలిగించి ఇరువురకును ఎసరు పెట్టెను.

ఇది వ్రాసినది పిల్లా అచ్చియ్యమ్మ. అక్షరములు దిద్దించినది ఆ గొడుగు పట్టిన మేష్టారమ్మగారు. ఏండ్లు డెబ్బదియొకటి. ఇప్పు డుండునది పిఠాపురమున తమ్మునియింట వీధిగది. అరుగుమీద డబ్బాలు ఆఱున్నవి. పదిగంటలవేళ నాకిప్పుడు పనియేమియు లేదు.